ఎంత ఓడకు అంత రేవు

సందేహాలు – సమాధానాలు

విశాఖ రేవు నుంచి క్రూయిజ్ ఓడలు కదులుతున్నాయన్న వార్తలు వచ్చినప్పటి నుంచి పలాస, టెక్కలి, ఉద్దానం వైపు ఉత్తరాలు పెరిగాయి. వాటిలో చాలా భాగం తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తున్నాయి: ఓడ ఏ ఊళ్లో ఆగాలో ఎవరు తేలుస్తారు? యజమానీ కాదు, మంత్రీ కాదు, చాలావరకు ఓడ కొలతలే తేలుస్తాయి. ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే.

"మా తాతగారు బారువలో స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లారని ఇంట్లో చెప్పుకుంటారు. అప్పుడు హార్బరు లేదు, జెట్టీ లేదు. అయినా ఓడ ఆగేది. ఇన్ని యంత్రాలున్న ఈ కాలంలో ఎందుకు ఆగదు?"
– ఓ ఉపాధ్యాయుడు, కాశీబుగ్గ

ఆగడం నిజమే గాని మాస్టారూ, ఒడ్డున ఆగేది కాదు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వారి కోస్తా స్టీమర్లు గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం, భీమునిపట్నం వంటి చోట్ల నడి నీళ్లలోనే లంగరు వేసేవి. అక్కడి నుంచి మనుషుల్నీ మూటల్నీ దాటించే పని మసూలా పడవలది. ఆ పడవలకు మేకులుండవు. పలకల అంచులు చేర్చి కొబ్బరితాళ్లతో కుట్టేవారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకి పగులుతుంది, కుట్టు పడవ మాత్రం వంగి, సాగి, మళ్లీ నిలబడుతుంది. మన ఒడ్డున కెరటాలు రెండు మూడు వరసల్లో విరుగుతాయి కదా, ఆ వరసల మధ్య సందు చూసి తండేలు కేక వేస్తే తెడ్లన్నీ ఒక్కసారి పడేవి. స్టీమరు పక్కకు చేరాక తాడు నిచ్చెన. పిల్లల్ని చేతికిచ్చి ఎక్కించేవారు. సముద్రం బాగులేకపోతే ఓడ ఆగకుండానే వెళ్లిపోయేది. రంగం బయల్దేరిన కూలీ జనం ఇసుకలోనే వండుకుని తిని, మరో స్టీమరు కోసం చూసేవారు.

ఇక్కడే ఓడ పరిమాణం సంగతి వస్తుంది. ఆ స్టీమర్లు నేటి లెక్కల్లో చిన్నవి. వంద మీటర్లు, ఆ పైన కొంచెం పొడవు. ఒక్కో రేవులో ఎక్కేవాళ్లు పదులో, మహా అయితే వందలో. యాభై మంది డెక్కు ప్రయాణికులూ కొన్ని బస్తాల సరుకూ దొరికితే చాలు, ఆగినందుకు గిట్టేది. ప్రయాణికుడికీ తొందర లేదు, వారం ఆలస్యమైనా రంగంలో రైసుమిల్లు ఎక్కడికీ పోదు.

ఈ మధ్య విశాఖకు వచ్చిన కార్డీలియా క్రూయిజ్ కంపెనీ వారి ఎంప్రెస్‌నే తీసుకుందాం. 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టిన ఓడ, పొడవు 211 మీటర్లు, ప్రయాణికులు 1,800 వరకు. ప్రపంచ ప్రమాణాల్లో ఇది ఇప్పుడు పెద్ద ఓడ కానే కాదు. అయినా దాన్ని బారువ ఎదుట లంగరు వేయించామనుకోండి. ఓడకున్న పడవలు నాలుగు దించారు, ఒక్కోదానిలో వందమంది. ఎక్కించి, ఒడ్డుకు చేర్చి, ఖాళీగా తిరిగి రావడానికి ముప్పావు గంట. ఒక్క విడతకి నాలుగు వందల మంది. అంటే అందరూ దిగడానికి ఐదు విడతలు, మూడు గంటలపైనే. మళ్లీ ఎక్కడానికి అంతే. పెళ్లిలో బంతుల లాగే, ఆఖరి బంతి దిగేసరికి మొదటి బంతివాళ్లు లేచి చేతులు కడుక్కునే వేళవుతుంది. అదీ కెరటాలు సహకరిస్తేనే. క్రూయిజ్ ఓడ పడవలు గట్టి జెట్టీకి ఆనుకోవడానికి చేసినవి, విరిగే కెరటాల్లోంచి ఇసుక మీదికి ఎక్కడానికి కాదు. ఆ విద్య మసూలా పడవతోనే పోయింది.

ఓడలు పెరగక ముందే మన రేవుల పని సగం అయిపోయిందన్నది కూడా చెప్పాలి. 1890ల్లో తూర్పు కోస్తా రైలు మార్గం పడింది. సరుకంతా రైలెక్కింది. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ విశాఖ హార్బరులో ప్రవేశించాక లోతైన రేవు ఒకటి దగ్గర్లో వచ్చేసింది. 1942లో బర్మా నుంచి జనం కాలినడకన తిరిగొచ్చారు, రంగం దారే మూసుకుపోయింది. బారువ, కళింగపట్నాలకు మిగిలింది దీపస్తంభాలు. బారువ దగ్గర నీటి అడుగున ఉన్న పాత స్టీమరు శిథిలాన్ని చూడటానికి ఇప్పుడు స్కూబా డైవర్లు దిగుతున్నారు. మీ పిల్లలకు ఈతవస్తే ఓసారి తీసుకెళ్లండి.

"సారూ, మాది మంచినీళ్లపేట. రాత్రి యాటలో ఉండగా దూరంగా దీపాల ఓడలు పోతంటాయి. అంత పెద్ద ఓడకి నీరు ఎంత లోతు ఉండాలేటి? బొగ్గు ఓడకన్నా ఎక్కువేనా? మా వలల మీదకి వస్తాదా?"
– ఓ మత్స్యకారుడు, వజ్రపుకొత్తూరు మండలం

బొగ్గు ఓడకన్నా చాలా తక్కువ. చదువుకున్నవాళ్లు కూడా సాధారణంగా పొరబడేది ఇక్కడే. విశాఖ ఔటర్ హార్బరుకు వచ్చే పెద్ద బొగ్గు, ఇనుప ఖనిజం ఓడలు నిండుగా ఉంటే 18 మీటర్ల వరకు నీటిలో మునుగుతాయి. ప్రపంచంలోని అతిపెద్ద క్రూయిజ్ ఓడల్లో ఒకటైన ఐకాన్ ఆఫ్ ద సీస్, 365 మీటర్ల పొడవు, 20 డెక్కులు, అయినా మునిగేది తొమ్మిది మీటర్ల చిల్లర. మనుషులు, పరుపులు, గాజు తలుపులు, ఇవి బొగ్గంత బరువుండవు. అందుకే క్రూయిజ్ ఓడ పెరిగేది కిందికి కాదు, పైకీ పక్కకీ.

అలాంటప్పుడు రేవులకు ఇబ్బంది ఏమిటంటే, గాలి. ఇరవై అంతస్తుల గోడ మూడు వందల మీటర్ల పొడవున నిలబడితే దానిమీద పడే గాలి ఇంతా అంతా కాదు. తెప్ప మీద తెరచాప విప్పి గాలికి అడ్డంగా పెట్టి చూసిన మీకు ఇది నేను చెప్పాలా. రేవు నోట్లో మలుపు తిరిగేటప్పుడు గాలి పక్కకు నెడితే, కింద లోతెంతున్నా లాభం లేదు. తర్వాత, ఓడ చుట్టూ తిరగడానికి దాని పొడవుకి దాదాపు రెండింతల వెడల్పున ఖాళీ నీరు కావాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి విశాఖ ఇన్నర్ హార్బరులోకి వెళ్లే కాలువ సన్నం. క్రూయిజ్ టెర్మినల్‌ని ఔటర్ హార్బరు వైపే కట్టడం పొడవాటి ఓడలకు ఎంతో మేలు.

ఎత్తు మరో చిక్కు. 2009లో ఒయాసిస్ ఆఫ్ ద సీస్ అనే ఓడ కొత్తగా తయారై ఫిన్లాండ్ నుంచి బయటికి వచ్చేటప్పుడు డెన్మార్క్‌లో ఒక వంతెన కిందుగా రావాల్సి వచ్చింది. ఓడ ఎత్తు 72 మీటర్లు, వంతెన కింద ఖాళీ 65. పొగగొట్టాలు లోపలికి ముడుచుకునేలా ముందే కట్టారు కాబట్టి మీటరు కూడా లేని సందుతో దాటింది. మన ఒడ్డున ఆ వంతెనల బెడద లేదు.

వలల మాటకొస్తే, ఈ ఓడలు ఒడ్డు నుంచి చాలా దూరంగానే పోతాయి. అయినా మీవాళ్లు లోపలికి వెళ్తున్నప్పుడు దీపం తప్పకుండా ఉంచండి. ఫైబర్ బోటు రాడార్‌కి సరిగా ఆనదు, కెరటాల మధ్య అసలే ఆనదు. పైన బ్రిడ్జిలో ఉన్నవాడు మిమ్మల్ని చూసినా ఓడ అప్పటికప్పుడు ఆగదు, ఇంజను వెనక్కి తిప్పినా మైలు దూరం దూసుకుపోతుంది. వీహెచ్ఎఫ్ సెట్టు ఉంటే 16వ ఛానల్ తెరిచి ఉంచండి.

"ఐకాన్ ఆఫ్ ద సీస్ 2,48,663 టన్నులని చదివాను. అంత బరువు తొమ్మిది మీటర్ల నీటిలో ఎలా తేలుతుంది?"
– ఇంజినీరింగ్ విద్యార్థి, టెక్కలి

అది బరువు కాదు. గ్రాస్ టన్నేజ్ అంటే ఓడ లోపలి చోటు ఎంతో సూత్రం ప్రకారం లెక్కగట్టిన అంకె. దాన్ని బట్టి రేవు రుసుములు, సిబ్బంది నిబంధనలు నిర్ణయిస్తారు. పత్రికలవాళ్లు పక్కన ‘టన్నులు’ చేర్చేస్తారు, అంతే.

"మూలపేట పోర్టు పూర్తయితే క్రూయిజ్ ఓడలు మా దగ్గరికి వస్తాయని కొందరంటున్నారు. నాకు జీడిపప్పు వ్యాపారం. పెట్టుబడి పెట్టొచ్చా?"
– ఓ వ్యాపారి, పలాస

తొందరపడకండి. ఆశ పెట్టి డబ్బు పోగొట్టే సలహా నేను ఇవ్వలేను.

2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు, మనం ఇన్నాళ్లూ భావనపాడు అని పిలుచుకున్నదే, సరుకు రేవుగా రూపొందింది. తొలి దశలో నాలుగు బెర్తులు, ఏడాదికి 2.35 కోట్ల టన్నుల సామర్థ్యం, 4,362 కోట్ల అంచనా, అన్నీ బొగ్గూ ఇతర సరుకుల లెక్కన వేసుకున్నవి. దానికోసం మూలపేట, విష్ణుచక్రం ఊళ్లవాళ్లు నౌపడ వైపు కదలాల్సి వచ్చింది కూడా. వాళ్లకి చెప్పింది సరుకు రేవు, ఉద్యోగాలు అని. క్రూయిజ్ మాట పైనుంచి అంటించినది.

సాంకేతికంగా సరుకు బెర్తులో క్రూయిజ్ ఓడ కట్టడానికి అడ్డేమీ లేదు. 2022 జూన్‌లో ఎంప్రెస్ విశాఖకు మొదటిసారి వచ్చినప్పుడు అక్కడ ఇప్పటి టెర్మినల్ లేదు. 96 కోట్ల రూపాయలతో కట్టిన ఆ టెర్మినల్ 2023 సెప్టెంబరు 4న ప్రారంభమైంది. కాబట్టి బెర్తు కన్నా ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు దూరం చూడండి. క్రూయిజ్ ఓడ రాత్రి నడుస్తుంది, పగలు ఆగుతుంది. సాయంత్రం కదిలి, తెల్లారి మరో ఊళ్లో ఉండాలి. మధ్యలో ప్రయాణికులు తిని, తాగి, ఆటలాడి ఖర్చుపెట్టాలి, ఓడకు లాభం అక్కడే. చెన్నై నుంచి విశాఖ సుమారు 325 నాటికల్ మైళ్లు. గంటకు 18 మైళ్ల వేగంతో 18 గంటలు. ఒక రాత్రి, ఒక పూట, చక్కగా అమరింది. విశాఖ నుంచి మూలపేట 80 మైళ్ల దరిదాపు. నాలుగైదు గంటల్లో వచ్చేస్తుంది. రెండువేల మందిని మోసే ఓడ అంత దగ్గర్లో రెండోసారి ఆగి మళ్లీ రేవు రుసుము, పైలట్ రుసుము, టగ్గుల ఖర్చు ఎందుకు పెట్టుకుంటుంది? ఆ దూరం బస్సులో చూపించేస్తే పోతుంది కదా అనుకుంటుంది.

ఇక బస్సులు. 1,800 మందిలో సగం మంది ఊరు చూస్తామన్నా 900 మంది. నలభై సీట్ల బస్సులు 23 కావాలి, ఒకేసారి, ఒకే ఉదయం. 23 బస్సులు శాలిహుండం కొండ కింద ఎక్కడ నిలుపుతారు? శ్రీముఖలింగం గుడి వీధిలో? తేలినీలాపురంలో పెలికాన్లు గూళ్లు కట్టే చెట్ల కింద తొమ్మిది వందల మంది చేరితే మర్నాటికి పక్షులుంటాయా? రేవుకి ఓడ సరిపోవడం ఒకటి, ఊరికి ఓడ సరిపోవడం ఇంకొకటి. వెనిస్‌లాంటి నగరమే తట్టుకోలేకపోవడంతో 2021 ఆగస్టు నుంచి 25 వేల టన్నేజ్ దాటినవీ, 180 మీటర్ల కన్నా పొడవైనవీ, 35 మీటర్ల కన్నా ఎత్తైనవీ ఊరి మధ్య కాలువలోకి రాకుండా ఇటలీ ప్రభుత్వం నిషేధించింది.

వస్తే గిస్తే మనకు తగింది వంద, రెండు వందల మందిని తెచ్చే చిన్న ఓడ. అలాంటి ఓడలు ఊళ్లను వెతుక్కుంటూ తిరుగుతాయి, ఎందుకంటే వాటిమీద నీటి జారుడుబల్లలూ మంచు మైదానాలూ ఉండవు, చూపించడానికి ఒడ్డే ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో విశాఖ టెర్మినల్‌కి వచ్చిన తొలి అంతర్జాతీయ ఓడ ‘ద వరల్డ్’ ఆ కోవదే. పొడవు 196 మీటర్లున్నా అందులో ఉన్నవి 165 నివాసాలు, ఆ రోజు దిగినవాళ్లు వందలోపే. వంద మందికి మూడు బస్సులు చాలు. శాలిహుండం, కళింగపట్నం దీపస్తంభం, మధ్యాహ్నం ఉద్దానం కొబ్బరితోటలో భోజనం. పలాసలో జీడిగింజను వేడిచేసి, పెంకు పగలగొట్టి, పొర తీసి, గుండ్లూ బద్దలూ వేరుచేసే పని దగ్గరుండి చూపిస్తే అంతకన్నా మంచి మజిలీ ఉండదు. కాని విదేశీ ఓడకు ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ కౌంటర్లుండాలి. అవి లేని రేవులో వంద మంది కూడా దిగలేరు. అందుకని మొదట కొంతకాలం ఆ వందమందీ విశాఖలో దిగి రోడ్డునే మీ దగ్గరికి రావాలి.

మీ వ్యాపారానికి ఇప్పుడు చేయదగ్గది ఒకటుంది. ఓడకు సరుకు ఎక్కేది ప్రయాణం మొదలయ్యే రేవులో. దాన్ని షిప్ చాండ్లర్లు అనే సరఫరాదారులు చూస్తారు. విశాఖ, చెన్నై చాండ్లర్లతో మాట్లాడుకోండి. పోర్టు పక్కన గొడౌను కొనే ఆలోచన మాత్రం పక్కన పెట్టండి.

"చెన్నై–విశాఖ–పుదుచ్చేరి ఓడ ప్రయాణానికి మా అత్తగారిని తీసుకెళ్దామని ఉంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కర్ర సాయంతో నడుస్తారు. ఓడలో లిఫ్టులున్నాయంటున్నారు. ఇంకేమైనా చూసుకోవాలా?"
– ఓ గృహిణి, సోంపేట

లిఫ్టుల సంగతి కాదమ్మా, టిక్కెట్టు కొనే ముందు ప్రతి రేవు గురించీ ఒకే ప్రశ్న అడగండి: ఓడ బెర్తుకి కడతారా, లంగరు వేసి పడవల్లో దించుతారా? విశాఖలో బెర్తుంది. ఓడ కట్టుకునే తాళ్ల దిమ్మలతో కలిపి 330 మీటర్లు, రెండు వేల మందిని చూసుకోగల టెర్మినల్. వెడల్పాటి గ్యాంగ్‌వే మీదుగా చక్రాల కుర్చీలో నేరుగా దిగిపోవచ్చు. పుదుచ్చేరి రేవు మాత్రం ఇసుకతో మేట వేసే రేవు. 2025 జులైలో ఎంప్రెస్ అక్కడికి వెళ్లినప్పుడు దూరంగా లంగరు వేసి, చిన్న పడవల మీదే జనాన్ని ఒడ్డుకు చేర్చారు.

పడవలోకి దిగడం ఎలా ఉంటుందో చెబుతాను, మీరే నిర్ణయించుకోండి. ఓడ పక్కన నీటిమట్టానికి కాస్త పైన ఒక తలుపు తెరుస్తారు, చిన్న మెట్ల వేదిక దించుతారు. పడవ దానికి తాళ్లతో ఆనుకుని ఉంటుంది గాని కుదురుగా ఉండదు. ఓసారి మీ కాలికి సమంగా ఉంటుంది, ఇంకోసారి మోకాలి లోతున దిగిపోతుంది, ఆ వెంటనే పైకి లేస్తుంది. ఇద్దరు నావికులు మోచేతులు పట్టుకుని "ఇప్పుడు" అంటారు. ఆ క్షణంలోనే అడుగు వేయాలి. వాయిదా లేదు. మోకాలు నొప్పున్న మనిషి సహజంగానే ఒక్క క్షణం ఆలోచిస్తారు, ఆ క్షణమే ప్రమాదం. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లని పడవలోకి దించబోమని చాలా కంపెనీలు ముందే రాసి ఉంచుతాయి. పైగా సముద్రం కాస్త లేచిందంటే కెప్టెన్ ఆ మజిలీ మొత్తం రద్దు చేస్తాడు, టిక్కెట్టు డబ్బు వెనక్కి రాదు.

మీ అత్తగారు పుదుచ్చేరిలో దిగకుండా ఓడలోనే ఉండిపోతే ఇబ్బందేమీ లేదు. జనమంతా దిగాక ఓడ ప్రశాంతంగా ఉంటుంది. ఆమాట ఆవిడతో ముందే చెప్పి ఒప్పించండి. అక్కడికెళ్లాక "నన్ను వదిలేసి పోతారా" అన్న మాట రాకుండా.

"మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. సముద్ర ప్రయాణం ఆయన చిరకాల కోరిక. కుదురుతుందా?"
– ఓ కుమారుడు, కవిటి

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి ఈ ప్రశ్న రావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. విదేశాల్లో కొన్ని పెద్ద ఓడల్లో యంత్రాలూ నర్సులతో సహా డయాలసిస్ ఏర్పాటుతో ప్రత్యేక యాత్రలు నడుపుతారు. ఓడ పెద్దదైతేనే అలాంటి వైద్యశాలకి చోటుంటుంది. ఇక్కడి ఓడల్లో ఆ వసతి ఉంటుందని అనుకుని మాత్రం ఎక్కొద్దు, రాతపూర్వకంగా అడగండి. లేదంటే ఒక డయాలసిస్ అయిన మర్నాడు ఎక్కి, తర్వాతిది దాటకుండా దిగిపోయే అతి చిన్న ప్రయాణం మాత్రమే ఆలోచించాలి. అదీ పలాస కిడ్నీ ఆసుపత్రిలోనో, మీరు చూపించుకుంటున్న చోటనో నెఫ్రాలజిస్టు సరే అంటేనే. తుపానుల నెలల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, అసలే వద్దు. ఓడ ఒక రోజు ఆలస్యమైతే మీ లెక్క తప్పుతుంది. తితలీ తుపాను 2018 అక్టోబరు 11న ఎలా వచ్చిందో మీ ఊరికి నేను గుర్తు చేయక్కర్లేదు. విశాఖ హార్బరు చుట్టూ ఒక రోజు పడవ షికారు చేయించి సాయంత్రానికి ఇంటికి చేర్చడం కూడా సముద్ర ప్రయాణమే.

"మేం డాలస్‌లో ఉంటాం. టెక్కలి నుంచి అమ్మానాన్నలు వేసవికి వస్తున్నారు. గాల్వెస్టన్ నుంచి పెద్ద ఓడ మంచిదా, అలాస్కాలో చిన్న ఓడ మంచిదా?"
– ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

రెండూ ఓడలే గాని ఒకే రకం సరుకు కాదు. గాల్వెస్టన్‌లో పెద్ద ఓడల కోసమే 2022 నవంబరులో కొత్త టెర్మినల్ తెరిచారు. అక్కడి నుంచి ఐదారు వేల మందితో బయల్దేరే ఓడ కోజుమెల్, కోస్టా మాయా, రోవటాన్‌ల వైపే సాధారణంగా తిరుగుతుంది. కారణం తేలికే, అంత పొడవున్న ఓడలకు సరిపడే పొడవైన పియర్లున్న చోటికే అవి వెళ్లగలవు. అందుకే ఏ కంపెనీ ఓడ ఎక్కినా ఊళ్లు దాదాపు అవే. ఊళ్లు సరిపోక కంపెనీలు సొంత దీవులే కట్టుకుంటున్నాయి, బహామాస్‌లోని కోకోకే అలాంటిదే. ఇలాంటి ప్రయాణంలో చూడాల్సింది ఓడనే. అమ్మానాన్నలకి తిరుగుడు కన్నా మనవలతో నాలుగు రోజులు, శాకాహార భోజనం, లిఫ్టులు, డాక్టరు, ఇవి ముఖ్యమైతే అదే మేలు. భోజనం గురించి మాత్రం బుకింగ్‌లోనే రాయించండి.

అలాస్కాలో చూడాల్సింది ఒడ్డు. గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు క్రూయిజ్ ఓడలనే రానిస్తారు, జూనోలో 2024 నుంచి రోజుకు ఐదు పెద్ద ఓడలని కట్టడి పెట్టారు. వంద మంది ఎక్కే చిన్న ఓడ పెద్దవి దూరలేని సన్నని నీటి సందుల్లోకి వెళ్లి, మంచు ఎదుట గంటసేపు ఇంజను తగ్గించి నిలబడగలదు. ధర రెండు మూడింతలు. ఊపు కూడా ఎక్కువే, చిన్న ఓడ కెరటాన్ని దాచిపెట్టదు. చాలా చిన్న ఓడల్లో లిఫ్టు ఉండదు. చిన్న ఓడే అంతిమ సత్యమని వాదించేవాళ్లున్నారు, నాకు నచ్చేదీ చిన్నదే. కాని డెబ్బై ఏళ్ల తల్లిదండ్రులకి ఏది సరిపోతుందో నా ఇష్టం తేల్చకూడదు. నడిమి దారి ఒకటుంది, అలాస్కాకే వెళ్లే రెండు వేల మంది స్థాయి ఓడ. బుక్ చేసేటప్పుడు గ్లేసియర్ బే అనుమతి ఉన్న తేదీయేనా అని చూసుకోండి.

"మా తమ్ముడికి క్రూయిజ్ ఓడలో ఉద్యోగమని ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. పెద్ద ఓడ కాబట్టి దేశాలన్నీ తిరగొచ్చట. నిజమేనా?"
– ఓ అన్న, కంచిలి

ఐదు వేల మందిని మోసే ఓడ వారం వారం అదే మూడు రేవుల చుట్టూ తిరుగుతుందని పైన చెప్పాను. హోటల్ విభాగంలో పనిచేసే కుర్రాడికి ఆ మూడు రేవుల్లోనూ దిగే తీరిక దొరకడం కష్టం. ప్రయాణికులు మారే రోజు ఉదయం ఐదు వేల మంది దిగి మధ్యాహ్నం ఐదు వేల మంది ఎక్కుతారు, గదులన్నీ ఆ మధ్యలోనే మారాలి. జీతం వస్తుంది, దేశాలు చూడటమన్నది ఆ జీతంలో భాగం కాదని ముందే అనుకోమనండి.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. భారత్ కూడా ఆమోదించిన సముద్ర కార్మిక ఒడంబడిక ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము వసూలు చేయకూడదు. పాస్‌పోర్టు, నావికుడి గుర్తింపు పుస్తకం (సీడీసీ), వైద్య పరీక్ష, భద్రతా శిక్షణ, వీటి ఖర్చు మాత్రమే అతనిది. మన తీరంలో ఇలాంటి ఏజెంట్ల చేతిలో భూములు అమ్ముకున్న కుటుంబాలున్నాయి. ఓడలకు మనుషుల్ని పంపే సంస్థకు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. ఆ నంబరు అడగండి, డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో సరిచూడండి. ఒప్పంద పత్రంలో ఓడ పేరు, దాని ఐఎంఓ నంబరు, జీతం, ఎన్ని నెలలు, తిరుగు విమాన టిక్కెట్టు ఎవరిది అన్నవి ఉన్నాయేమో చూడండి. నంబరు చెప్పకుండా "ముందు అడ్వాన్సు ఇవ్వండి, ఈ వారమే ఆఖరు" అంటే ఆ ఏజెంటుకి ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే రసీదు, ఫోన్ సందేశాలు పట్టుకుని కంచిలి పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయండి, ఆ నకలు ముంబయిలోని డీజీ షిప్పింగ్‌కి పంపండి.